పక్క కుర్చీలో ఊగే కాలు

హైదరాబాదులో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఓ ఉదయం వెళ్ళి చూడండి. గ్రూప్స్‌కి చదివేవాళ్ళు, డీఎస్సీకి చదివేవాళ్ళు, ఎస్సై పోస్టుకి చదివేవాళ్ళు హాలంతా నిండిపోయి ఉంటారు. లోపల చోటు దొరకనివాళ్ళు ఆవరణలో చెట్ల కింద కూర్చుంటారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. అయినా కాసేపు చెవి ఒగ్గి వింటే ఆ నిశ్శబ్దంలో ఎన్ని చప్పుళ్ళున్నాయో తెలుస్తుంది. ఒకరు బాల్‌పెన్ను మీట నొక్కి వదులుతుంటారు. ఇంకొకరు ఉండుండి ముక్కు ఎగబీలుస్తారు. మరొకరు మెటికలు విరుచుకుంటారు. పక్క వరసలో ఒకతను ఆర్టికల్ నంబర్లు పెదాల మధ్యనే వల్లెవేస్తుంటాడు: నలభై గ్రామ పంచాయతీలు, నలభై నాలుగు ఉమ్మడి పౌరస్మృతి, యాభై... బల్ల కింద ఎవరో కాలు ఊపుతుంటే, బల్ల మీది సీసాలో నీళ్ళు ఆ ఊపుకి సన్నగా వణుకుతుంటాయి.

బయట ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు బస్సుల మోత, హారన్ల గోల పొద్దున్నుంచి రాత్రిదాకా ఉంటుంది. డెసిబెల్స్‌లో కొలిస్తే ఆ గోల ముందు ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒక లెక్కే కాదు. కానీ చదువుకునేవాణ్ణి అడిగి చూడండి. బస్సుల సంగతి అతనికి గుర్తే ఉండదు. ఆ ముక్కు చప్పుడు మాత్రం పొద్దున్నుంచి ప్రాణం తీస్తోందంటాడు.

దీనికి మన ఇళ్ళల్లో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. చదివేవాడికి శ్రద్ధ లేదన్నది ఒకటి. పక్కవాడికి నలుగురిలో మసలుకోవడం తెలియదన్నది రెండోది. గత 70 ఏళ్ళలో జరిగిన పరిశోధన ఈ రెంటినీ బలపరచదు. పైగా అది నాకు ఎంతో విలువైనదిగా తోచే ఒక సంగతి చెబుతోంది: ఒకరి చదువును చెడగొట్టే చిన్న అలవాటే చాలాసార్లు ఇంకొకరి చదువును నిలబెడుతోంది.

ముందు మెదడు చప్పుళ్ళను ఎలా పట్టించుకుంటుందో చూద్దాం. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కలకు గంట మోగగానే లాలాజలం ఊరేలా శిక్షణ ఇచ్చిన కథ అందరికీ తెలిసిందే. ఆ ప్రయోగశాలలో ఒక చిక్కు తరచూ ఎదురయ్యేది. కుక్క చక్కగా నేర్చుకుందని చూపించడానికి శిష్యులు గురువుగారిని పిలిచేవారు. ఆయన గదిలోకి రాగానే కుక్క నేర్చుకున్నదంతా పక్కన పెట్టి కొత్తగా వచ్చిన మనిషి వైపు తిరిగేది. పావ్లోవ్ దీన్ని ‘ఏమిటిది?’ అనే ప్రతిచర్య అన్నాడు. మనిషిలోనూ అంతే. కొత్త చప్పుడు వినిపించగానే తల అటు తిరుగుతుంది, కనుపాప విచ్చుకుంటుంది, గుండె క్షణకాలం నెమ్మదిస్తుంది. అడవిలో బతికిన రోజుల్లో ఈ ప్రతిచర్య లేని జంతువు ఎక్కువకాలం బతికి ఉండదు.

అదే చప్పుడు పదేపదే వస్తే ఈ ప్రతిచర్య చల్లారిపోతుంది. సీలింగ్ ఫ్యాను కింద కూర్చున్న కాసేపటికి దాని రొద మనకు వినిపించకపోవడానికి కారణం ఇదే. మాస్కోలో యెవ్గెనీ సోకొలోవ్ ఈ చల్లారడం వెనక ఏం జరుగుతోందో తవ్వి చూశాడు. ఒకే స్వరాన్ని మళ్ళీమళ్ళీ వినిపించి, మనిషి దాన్ని పూర్తిగా పట్టించుకోవడం మానేశాక ఆ స్వరాన్ని కాస్త తగ్గించాడు. ప్రతిచర్య మళ్ళీ లేచింది. గట్టిగా వినిపిస్తే లేవడం వింత కాదు, మెల్లగా వినిపించినా లేచింది. స్వరాన్ని మధ్యలో ఆపేస్తే, చప్పుడు ఉండాల్సిన చోట లేకపోయినందుకు కూడా లేచింది. అంటే మెదడు చెవులు మూసుకుని లేదు. తర్వాత ఏం రావాలో లెక్క కట్టుకుని, ఆ లెక్క తప్పుతుందేమోనని లోపల కనిపెడుతూనే ఉంది.

ఫ్యానుకీ ముక్కు చప్పుడుకీ తేడా ఇక్కడుంది. ఫ్యాను లెక్క తప్పదు. ముక్కు ఎగబీల్చే మనిషి ఒకసారి పావు నిమిషానికి, ఒకసారి రెండు నిమిషాలకు, మరోసారి వెంటవెంటనే ఆ పని చేస్తాడు. లెక్క కుదరదు కాబట్టి మెదడు కాపలా విడవదు. చప్పుడు లేని వ్యవధిలో కూడా మనం చదవడం లేదు, దాని కోసం ఎదురుచూస్తున్నాం. ఈ అవస్థ పడ్డవాళ్ళందరికీ తెలుసు: అసలు బాధ ఆ చప్పుడు కన్నా, అది ఇంకా రాలేదే అన్న నిరీక్షణలోనే ఎక్కువ.

ఇక గొణుగుతూ వల్లెవేసే కుర్రాడి సంగతి. నన్నడిగితే చదువు విషయంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మాటే. దాదాపు 2,000 ఏళ్ళ కిందట సెనెకా అనే రోమన్ తత్వవేత్త ఒక స్నానశాల పైన బస చేశాడు. కింద వ్యాయామం చేసేవాళ్ళ మూలుగులు, ఒళ్ళు పట్టేవాళ్ళ చరుపులు, తినుబండారాలు అమ్మేవాళ్ళ కేకలు. వాటన్నిటి మధ్యా రాసుకుంటూ, తన మిత్రుడికి రాసిన జాబులో ఆయన ఒక తేడా గమనించాడు: ఉత్త చప్పుడు చెవిని తాకి పోతుంది, మనిషి గొంతు మాత్రం మనసును లాక్కుపోతుంది. దీన్ని ప్రయోగంతో తేల్చడానికి 20వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.

1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికా విద్యార్థులకు కొన్ని అక్షరాలు వరసగా చూపించి, అదే వరసలో మళ్ళీ రాయమన్నారు. చూసేటప్పుడు పక్కన ఒక గొంతు జర్మన్ భాషలో ఏదో చదువుతూ ఉంది. ఆ విద్యార్థులకు జర్మన్ ముక్క రాదు, ఆ గొంతును పట్టించుకోవద్దని ముందే చెప్పారు కూడా. అయినా నిశ్శబ్దంలో రాసినప్పటికన్నా తప్పులు పెరిగాయి. తర్వాతి ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఆ గొంతు పెద్దగా ఉన్నా చిన్నగా ఉన్నా నష్టం దాదాపు అంతే. కాబట్టి ‘మెల్లగానే చదువుతున్నాను కదా’ అన్న సమాధానం ఇక్కడ చెల్లదు.

అర్థంకాని మాట కూడా జ్ఞాపకాన్ని ఎందుకు చెరపాలి? బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో డిలన్ జోన్స్ బృందం ఏళ్ళ తరబడి దీని మీద పనిచేసింది. ఒకే అక్షరాన్ని ‘క, క, క, క’ అంటూ వినిపిస్తే నష్టం చాలా తక్కువ. ‘క, మ, ర, ట’ అని మారుతూ వినిపిస్తే నష్టం ఎక్కువ. మారే చప్పుళ్ళు వింటున్నప్పుడు మెదడు వాటిని మన ప్రమేయం లేకుండానే ఒకదాని వెనక ఒకటి వరసగా పేర్చుకుంటుందని వాళ్ళ వివరణ. మనం బట్టీపట్టేటప్పుడు చేసేదీ వరస పేర్చడమే. రెండు వరసలూ ఒక్కచోటే పేరుకుంటే కలగాపులగం అవుతాయి.

ఒకమ్మాయి కాకతీయుల వరస పట్టుకోవాలని చూస్తోందనుకుందాం. రెండో ప్రోలరాజు, రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు... ఇక్కడికి వచ్చేసరికి పక్కనుంచి ‘నలభై నాలుగు ఉమ్మడి పౌరస్మృతి’ వినిపిస్తుంది. గణపతిదేవుడి తర్వాత రుద్రమదేవి అని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన పేర్లు పోవు. పేర్ల మధ్య ఉన్న వరసే తెగుతుంది. మళ్ళీ ప్రోలరాజు దగ్గర మొదలుపెట్టాలి. పోటీ పరీక్షల చదువులో రాజవంశాలు, సవరణలు, కమిటీలు, పంచవర్ష ప్రణాళికలు అన్నీ వరసలే కాబట్టి ఈ నష్టం మామూలు పఠనంలో కన్నా ఇక్కడ బాగా కనబడుతుంది.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సినిమా పాటలు వింటే పక్కవాడి గొణుగుడు వినిపించదు. కానీ పాటలో మళ్ళీ మాటలే ఉన్నాయి. పాడే గొంతు ఉన్న సంగీతం జ్ఞాపకానికి వాద్య సంగీతం కన్నా ఎక్కువ అడ్డమని సలామే, బాడ్లీ 1989లోనే చూపించారు. గొణుగుడును కప్పేయడానికైతే వాన చప్పుడు లాంటి ఎడతెగని రొద నయం.

ఇప్పుడు ఆ గొణిగే కుర్రాడి వైపు వెళ్దాం. అతను ఊరికే గొణగడం లేదు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన కాలిన్ మెక్‌లౌడ్ బృందం 2010లో వరస ప్రయోగాలు చేసి, లోపల చదువుకున్న మాటల కన్నా పైకి చదివిన మాటలు బాగా గుర్తుంటాయని నిరూపించింది. నోటితో పలికిన మాటకి పలికిన గుర్తూ, విన్న గుర్తూ అదనంగా అంటుకుంటాయి. పరీక్షలో అవే పట్టుకొమ్మలవుతాయి. ఎక్కాలూ పద్యాలూ పైకి వల్లెవేయించిన మన పాత బడిపంతుళ్ళ పద్ధతికి ఇంతటి బలం ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషమనిపించింది.

ఆ పరిశోధనలోనే ఇద్దరికీ పనికొచ్చే సంగతులు రెండున్నాయి. చప్పుడు రాకుండా పెదాలు మాత్రం కదిపినా కొంత లాభం ఉంది, పైకి చదివినంత కాకపోయినా. రాసుకున్నా అంతే. రెండోది, పైకి చదవడం వల్ల వచ్చే మేలు ముఖ్యంగా కొన్నింటినే అలా చదివినప్పుడు కనిపిస్తుంది. పైకి చదివినవి చదవనివాటి మధ్య ప్రత్యేకంగా నిలుస్తాయి. పుస్తకమంతా పైకి చదివేస్తే ఆ తేడా పలచబడుతుంది. అందుకని కొరకరాని కొయ్యలా ఉన్న పేజీలు మాత్రం గుర్తుపెట్టుకుని, పూటకోసారి బయటికి వెళ్ళి గొంతెత్తి చదువుకుని రావడం శాస్త్రం ప్రకారం కూడా మంచి పద్ధతి.

ఊగే కాలిదీ ఇలాంటి కథే. కూర్చుని కాళ్ళాడించకూడదని, ఇంటికి అరిష్టమని పెద్దవాళ్ళు పిల్లల్ని తిట్టడం మనలో ఎవరం వినలేదు? ఎదుటివాళ్ళ కదలిక చూస్తే చిరాకు పుట్టడం ఎంత పాతదో ఆ తిట్టే చెబుతుంది. కెనడాలోనే బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో సుమీత్ జస్వాల్, టాడ్ హాండీ తదితరులు 4,100 మందికి పైగా మనుషుల్ని ఈ సంగతి అడిగి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఇతరులు అదేపనిగా కాలూ చెయ్యీ ఆడిస్తుంటే చూడలేకపోతామని మూడో వంతు మంది చెప్పారు. దీనికి మిసోకినీసియా అన్న పేరు ఉంది. కంటి చూపు నడిమి భాగం అక్షరాలు చదవడానికి పనికొస్తే, అంచులు కదలికను పసిగట్టడంలో దిట్ట. పుస్తకం మీద చూపు నిలిపి ఉంచినా కంటి కొసన ఊగే కాలు కనిపిస్తూనే ఉంటుంది. కుర్చీని కాస్త పక్కకి తిప్పి ఆ కాలిని చూపు దాటిస్తే చాలావరకు పని జరుగుతుంది. ఆ లైబ్రరీకి దగ్గర్లోని అశోక్‌నగర్ చుట్టుపక్కల ప్రైవేటు స్టడీ హాళ్ళలో క్యాబిన్ సీట్లకు గిరాకీ ఉండటం ఊరికే కాదు.

కాలు ఊపేవాడికి మాత్రం ఆ ఊపుడుతో పని ఉండొచ్చు. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో మార్క్ రాపోర్ట్ బృందం 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లల చేత జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించి వాళ్ళ కదలికల్ని వీడియోలో లెక్కగట్టింది. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక అతిగా కదిలే సమస్య) ఉన్న పిల్లలు ఎక్కువ కదిలినప్పుడే జవాబులు బాగా చెప్పారు. ఏడీహెచ్‌డీ లేని పిల్లలు ఎక్కువ కదిలినప్పుడు జవాబులు తగ్గాయి. ఒకే బెంచీ మీది ఇద్దరు పిల్లల్లో ఒకడికి ‘కదలకుండా కూర్చో’ అనే మాట సాయమైతే, రెండోవాడికి అది శిక్షే. ఇంగ్లండులో జాకీ ఆండ్రేడ్ 2009లో కొంతమందికి విసుగెత్తించే ఫోన్ సందేశం ఒకటి వినిపించింది. వింటూ కాగితం మీద గళ్ళు నింపుతూ కూర్చున్నవాళ్ళకు, ఊరికే విన్నవాళ్ళ కన్నా 29 శాతం ఎక్కువ వివరాలు గుర్తున్నాయి. క్లాసులో నోటుబుక్కు అంచున తీగలూ పువ్వులూ గీసే పిల్లని మందలించే ముందు మాస్టార్లు ఈ లెక్క తలుచుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది అందరికీ కొద్దోగొప్పో ఉండే ఇబ్బంది. కొందరి సంగతి వేరు. తండ్రి పెరుగన్నం చివరి ముద్దలు జుర్రుకుంటుంటే ఒక పిల్లకి ఒళ్ళు బిగుసుకుంటుంది, గుండె దడదడలాడుతుంది, కంచం వదిలి గదిలోకి పరుగెత్తుతుంది. తండ్రంటే ప్రాణం. అయినా ఆ క్షణంలో పుట్టే కోపం తన చేతుల్లో ఉండదు. కాసేపటికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది. ఇది సాధారణంగా పదేళ్ళ వయసుకు అటూ ఇటూగా మొదలవుతుంది, మొట్టమొదట భరించలేనిది ఎక్కువగా ఇంట్లోవాళ్ళ చప్పుళ్ళనే. చదువు ఎగ్గొట్టడానికి నాటకమని ఇంట్లో అంటారు. చెవి పరీక్ష చేయిస్తే వినికిడి మామూలుగానే ఉందంటారు.

దీనికి మిసోఫోనియా అని 2001లో పేరు పెట్టినవాళ్ళు అమెరికాలో చెవి సమస్యల మీద పనిచేసే జాస్ట్రెబాఫ్ దంపతులు. ఇది నాటకం కాదని తేల్చడానికి గట్టి ఆధారం 2017లో వచ్చింది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో సుఖ్‌బిందర్ కుమార్ బృందం ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మూడు రకాల చప్పుళ్ళు వినిపిస్తూ మెదడును స్కాన్ చేసింది. వాన చప్పుడు లాంటివి ఒక రకం, పసిపిల్ల ఏడుపు లాంటివి ఒక రకం, నమలడం, ఊపిరి తీయడం లాంటివి మూడో రకం. మొదటి రెండింటికీ రెండు గుంపులూ ఒకేలా స్పందించాయి. మూడో రకానికి మాత్రం మిసోఫోనియా ఉన్నవాళ్ళ మెదడులో ఇన్సులా అనే ప్రాంతపు ముందు భాగం మితిమీరి చురుకైంది. ఏది ముఖ్యమో, దేన్ని వెంటనే పట్టించుకోవాలో నిర్ణయించడంలో ఈ భాగానికి పెద్ద పాత్ర ఉంది. గుండె వేగం, అరచేతి చెమట కూడా పెరిగాయి. కావాలని ఎవరూ ఇన్సులాను ఉసికొల్పలేరు.

అదే బృందం 2021లో ఇంకో మెట్టు ఎక్కింది. మిసోఫోనియా ఉన్నవాళ్ళలో, శబ్దాన్ని గ్రహించే ప్రాంతానికీ నోరూ పెదాలూ కదిపించే ప్రాంతానికీ మధ్య బంధం మామూలు కన్నా గట్టిగా ఉందని చూపింది. ఎదుటివాడు నములుతుంటే మన నోటిని కదిపే యంత్రాంగం లోపల తనంతట తాను రగులుతుందన్నమాట. ఎవరో తమ శరీరంలోకి చొరబడినట్టు ఉంటుందని బాధితులు చెప్పే మాటకి ఇది సరిగ్గా సరిపోతుంది. కొందరు ఆ చప్పుడునే తామూ చేసి ఊరట పొందుతారు. వెక్కిరింతగా కనిపించే ఆ పనికి ఇదీ ఒక కారణం కావచ్చు. నమిలే చప్పుడుకి, అలాంటి చప్పుడే చేయగల వేరే ఏదో పని వీడియో జతచేసి చూపితే బాధ తగ్గిందని కాలిఫోర్నియాలో ప్రయోగాలు జరిగాయి. చప్పుడు అదే. ‘ఇది ఒక మనిషి నోటి నుంచి వస్తోంది’ అన్న ఎరుక పోవడంతో దాని కోర పోయింది.

2023లో లండన్ కింగ్స్ కాలేజీ బృందం ప్రచురించిన సర్వేలో, బ్రిటన్‌లో 18 శాతం మందికి ఈ చప్పుళ్ళు బతుకులో చెప్పుకోదగ్గ భారమని తేలింది. వాళ్ళలో అందరికీ తీవ్రంగా ఉండదు. అయినా 40 మంది ఉన్న తరగతి గదిలో ఇది ఏ ఒక్కరికో పరిమితమైన వింత జబ్బు కాదని అర్థమవుతుంది.

మరి చదువుకునేవాడు ఏం చేయాలి? ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ప్రయోగం డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ చేసినది. 1972లో పుస్తకంగా వచ్చింది. వాళ్ళు టైపురైటర్లు, లెక్కల యంత్రాలు, వేరే భాషల్లో మాటలు అన్నీ కలిపి ఒక భరించలేని మోత తయారుచేసి, లెక్కలు చేస్తున్న విద్యార్థులకు వినిపించారు. కొందరికి మాత్రం ఒక మీట చూపించి, మరీ కష్టమైతే నొక్కితే మోత ఆగిపోతుందని, నొక్కకుండా ఉంటే మంచిదని చెప్పారు. దాదాపు ఎవరూ నొక్కలేదు. మోత అందరూ ఒక్కలాగే విన్నారు. తర్వాత నిశ్శబ్దంలో చిక్కుముడులు విప్పమంటే, మీట ఉందని తెలిసినవాళ్ళు చాలా ఎక్కువసేపు ఓపికగా ప్రయత్నించారు. అచ్చుతప్పులు దిద్దమంటే వాళ్ళే ఎక్కువ పట్టుకున్నారు. మనిషిని పిండేసేది మోత ఒక్కటే కాదు, దాని మీద మనకు ఏ అధికారమూ లేదన్న భావన కూడా.

చదివే హాలులో ఆ మీట ఒక మాట. ‘అన్నా, కొంచెం కాలు ఊపకుండా ఉంటారా, బల్ల కదులుతోంది’ అని అడగగలనన్న నమ్మకం. చాలామంది అడగరు. మూడు వారాలు పళ్ళబిగువున భరించి ఒకరోజు కసిరేస్తారు, లేదా సీటు వదిలి వెళ్ళిపోతారు. మొదటి రోజునే, కోపం ఎక్కకముందే, అలవాటును తప్పుపట్టకుండా తన ఇబ్బంది మాత్రం చెబితే అవతలివాళ్ళు ఎక్కువగా ఒప్పుకుంటారు. కాలు ఊపుతున్న సంగతే చాలామందికి తెలియదు. తెలిశాక ‘సారీ తమ్ముడూ, అలవాటైపోయింది, మళ్ళీ ఊపితే చెప్పు’ అన్నాడంటే, తర్వాత అతను మరిచిపోయి ఊపినా అది మునుపటి ఊపుడు కాదు. మీట చేతికొచ్చింది.

జూనియర్ కాలేజీ హాస్టళ్ళ వార్డెన్లకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. అక్కడ పిల్లలకి సీటు మార్చుకునే వీలుండదు. స్టడీ అవర్లో కూర్చోమన్న చోట కూర్చోవాలి, మెస్సులో నలుగురి మధ్యే తినాలి. చప్పుళ్ళ గురించి ఒక పిల్ల పదేపదే చెబుతుంటే, శ్రద్ధ లేదని తేల్చేయకుండా గోడ పక్క సీటు ఇచ్చి చూడండి. భోజనం కొంచెం ముందో వెనకో తిననివ్వండి. చెవులు పూర్తిగా మూసే సాధనాలు రోజంతా పెట్టుకోనివ్వడం మంచిది కాదు, నిశ్శబ్దానికి అలవాటైన చెవికి చిన్న చప్పుళ్ళు ఇంకా పెద్దవిగా తోస్తాయి. వాటిని చదివే గంటలకు పరిమితం చేస్తే చాలు. అప్పటికీ తిండి మానేస్తున్నా, ఇంట్లోవాళ్ళకి దూరంగా ఉంటున్నా క్లినికల్ సైకాలజిస్టుకి చూపించండి. మిసోఫోనియాకి మందు బిళ్ళ లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మూడు నెలలపాటు ఇచ్చిన ప్రవర్తన చికిత్సతో, రెండు గుంపుల్ని పోల్చి చూసిన పరీక్షలో, 37 శాతం మందికి స్పష్టమైన మెరుగుదల కనిపించింది. చికిత్స కోసం వేచి ఉన్నవాళ్ళలో అది ఒక్కరికీ కనబడలేదు.